వయసు పెరగడాన్ని జబ్బుగా మార్చకండి

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో నలభై దాటిన మగవాళ్లలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను గురించి వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచి ఒళ్లు మండుతోంది. అలసట, చిరాకు, పొట్ట రావడం, నిద్ర పట్టకపోవడం అన్నీ హార్మోను లోపమేనని తేల్చేశారు. ఇంజెక్షన్లు వేయించుకుంటే పాత ఉత్సాహం తిరిగొస్తుందని భరోసా కూడా ఇచ్చారు. ఆ నాలుగింటిలో ఒక్కటైనా లేని నడివయసు మనిషి ఎక్కడున్నాడు?

నలభై దాటాక ఈ హార్మోను ఏడాదికి సుమారు 1 శాతం తగ్గడం మామూలే. తగ్గడం వేరు, లోపం వేరు. యూరప్‌లో 40 నుంచి 79 ఏళ్ల మగవాళ్లను పరిశీలించిన పెద్ద అధ్యయనం 2010లో వచ్చింది. మూడు రకాల లైంగిక సమస్యలు ఉండి, రక్తంలోనూ హార్మోను తక్కువున్నవాళ్లు అందులో 2.1 శాతమే. మీ వ్యాసం చూస్తే ఇంటికొక రోగి ఉన్నట్టుంది.

నేను చాలా ఏళ్లు ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసినవాణ్ని. టెస్టోస్టిరాన్ పొద్దున ఎక్కువ, సాయంత్రానికి తక్కువ. భోజనం చేసినా, జ్వరం తగిలినా, నిద్ర చాలకపోయినా పడిపోతుంది. అందుకే ఉదయం పరగడుపున, వేర్వేరు రోజుల్లో కనీసం రెండుసార్లు చూడాలి. ఈ సంగతికి మీ పేజీలో ఒక్క వాక్యం చోటు దొరకలేదు. ఆఫీసు నుంచి ఇంటికెళ్తూ ఇచ్చిన ఒక్క శాంపిల్ రిపోర్టు పట్టుకుని ఏళ్ల తరబడి మందు వాడుతున్నవాళ్లను నేను చూశాను.

అన్నిటికంటే కోపం తెప్పించింది సంతానం మాట దాచడం. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి వృషణాలకు సంకేతాలు పంపడం తగ్గించేస్తుంది, వీర్యకణాల తయారీ పడిపోతుంది. ఈ గుణం వల్లే మగవాళ్లకు గర్భనిరోధకంగా పనికొస్తుందేమోనని ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని పరీక్షించింది. పిల్లల కోసం ఎదురుచూస్తున్న కుర్రాడికి అదే మందును మగతనం పేరుతో అంటగడుతుంటే అడిగే నాథుడు లేడు. కేవలం వయసు వల్ల తగ్గినవాళ్లకు ఈ మందు ప్రయోజనం, భద్రత రుజువు కాలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లోనే లేబుల్ మీద రాయించింది. మన ఔషధ నియంత్రణ అధికారులు ఇలాంటి ప్రచారాన్ని ఎందుకు పట్టించుకోరు? ఎవరైనా ఫిర్యాదు చేసేదాకా కదలకూడదని ఎక్కడైనా రాసుందా?

మందు విషమని నేననడం లేదు. పిట్యూటరీలో గడ్డ ఉన్నవాళ్లకు, వృషణాలు దెబ్బతిన్నవాళ్లకు, పుట్టుకతోనే లోపం ఉన్నవాళ్లకు అది నిజంగా అవసరం. వాళ్లలో చాలామంది సిగ్గుతో డాక్టరు గడప తొక్కరు. వాళ్లకు ధైర్యం చెప్పే ముక్క ఒక్కటీ రాయలేదు మీరు. ఈ మందు మీద 2023లో వెలువడిన పెద్ద పరిశోధనలో గుండెపోట్లు పెరగలేదు కానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం ఎక్కువగా కనిపించాయి. రక్తం చిక్కబడే ప్రమాదమూ ఉంది కాబట్టి వాడేవాళ్లకు క్రమం తప్పకుండా పరీక్షలు చేయాలి. ఇవేవీ చెప్పకుండా, వ్యాసం కిందే ఇంజెక్షన్లు ఇచ్చే క్లినిక్ ప్రకటన వేశారు. వార్త ఎక్కడ ముగిసిందో, వ్యాపారం ఎక్కడ మొదలైందో పాఠకుడికి ఎలా తెలియాలి? ఒకప్పుడు ప్రకటన మీద ప్రకటన అని స్పష్టంగా ఉండేది.

రెండుసార్లు ఉదయం పరీక్ష, వీర్యకణాలు తగ్గే ప్రమాదం, ఈ రెండు సంగతులనూ అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయండి. ఆ వ్యాసం రాసినవారికి ఆ క్లినిక్‌తో సంబంధం ఉందో లేదో కూడా చెప్పండి.

ఇట్లు,
మీ పత్రిక పాత పాఠకుడు