పేరు రాయొద్దన్న సవర అన్నకి, ఇంకా అందరికీ కృతజ్ఞతలు

కట్లపాము కరిచి ఆసుపత్రిలో ఉన్న తమ్ముడికి ఊపిరి గొట్టం తీసేశారు. గొంతు బొంగురుపోయింది, మింగడం ఇంకా కష్టంగానే ఉంది, కానీ తన ఊపిరి తనే తీసుకుంటున్నాడు. ఫోన్లు చేసినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. రాత అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి, కళ్ళు మూతలు పడిపోతున్నాయి.

అమ్మ, మరదలు, బావ, పర్లాకిమిడి చిన్నాన్నలు... మీకు కృతజ్ఞతలని రాస్తే తిడతారు. ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం.

నేను చెప్పాల్సింది పక్క మంచం దగ్గరున్న మనిషి గురించి. ఒడిశాలో గుమ్మ కొండల వైపు సవర గిరిజన అన్న. మామగారికి తుంటి ఎముక విరిగితే తోడుగా వచ్చాడు. మాకు చుట్టం కాదు, మా చర్చి సంఘం కాదు, తెలుగు కూడా సగమే వచ్చు. వెంటిలేటర్లన్నీ నిండిపోయాయి, ఒకటి ఖాళీ అయ్యేదాకా అంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి పంపే రబ్బరు సంచి) మీరే నొక్కుతుండాలని ఒక్కసారి చూపించి సిస్టరు ఇంకో మంచానికి పరిగెత్తింది. ఆ బ్యాగు చెయ్యి చాపి అందుకున్నది ఆయనే. "అక్కా, ముందు చూడు. తర్వాత నొక్కుదువు" అన్నాడు.

కట్లపాము విషం సంగతి తెలిస్తేనే ఆయన చేసిన పని ఎంతటిదో తెలుస్తుంది. అది కరిచినట్టు చాలామందికి తెలియను కూడా తెలియదు. నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కనపడదు. రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి అని లేస్తాడు, వాంతి అవుతుంది, కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దయిపోతుంది, ఆ తర్వాత ఛాతీ కదలడం మానేస్తుంది. విరుగుడు మందు మొదటి మోతాదు 10 వయల్స్ (చిన్న సీసాలు), సెలైన్‌లో కలిపి గంటలోపు ఎక్కిస్తారు. పిల్లలకైనా అదే మోతాదు, ఎందుకంటే పాము పిల్లవాడని చూసి విషం తగ్గించదు. ఆ మందు రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుంది గానీ, నరాల చివర్లు అప్పటికే దెబ్బతింటే వాటిని బాగుచెయ్యలేదు. అవి మళ్ళీ తమంతట తాము మొలవాలి. దానికి రోజులు పడుతుంది. అన్నాళ్ళూ ఆ మనిషి ఊపిరి యంత్రం తియ్యాలి, యంత్రం లేకపోతే ఎవరిదో ఒకరి చెయ్యి.

పెద్దవాళ్ళ బ్యాగులో సుమారు లీటరున్నర గాలి పడుతుంది. అదంతా పిండెయ్యకూడదు. ఒక చేత్తో మూడో వంతు, అంటే అర లీటరు. ఛాతీ కాస్త లేస్తే చాలు. ఒక సెకను నొక్కి పూర్తిగా వదలాలి. అయిదారు సెకన్లకి ఒకసారి, నిమిషానికి 10 నుంచి 12 సార్లు. భయంతో ఉన్న చెయ్యి ఇరవై, ముప్ఫై సార్లు నొక్కేస్తుంది. అప్పుడు లోపలికెళ్ళిన గాలి బయటికొచ్చే వ్యవధి ఉండదు, ఛాతీ బిగిసిపోతుంది, గుండెకి రక్తం సరిగ్గా చేరక బీపీ పడిపోతుంది. మంచి చేస్తున్నామనుకుంటూనే చంపేస్తామన్నమాట.

ఆయన గడియారం చూడలేదు. సవర భాషలో ఏదో కీర్తన పెదాల మధ్యే పాడుకుంటూ, పాటలో ఒక పాదం ఎత్తుకోగానే నొక్కి, ఆ పాదం అయ్యేదాకా ఊరుకునేవాడు. ఫోన్లో సెకన్లు పెట్టి చూశాను. ప్రతిసారీ అయిదుకీ ఆరుకీ మధ్యనే పడింది. పావుగంటకోసారి చెయ్యి మార్పించాడు, అలిసిన చెయ్యి తనకి తెలియకుండానే తగ్గించి నొక్కుతుందని. అర్ధరాత్రి దాటేసరికి ఎదురు మంచం ఒడియా పెద్దాయన, మందస నుంచొచ్చిన జీడిపప్పు వ్యాపారి, మనవరాలికి తోడున్న ముస్లిం అవ్వ, అందరూ వంతులేసుకున్నారు. ఆ పాట మాటలు ఎవరికీ రావు. వరస మాత్రం అందరికీ వచ్చేసింది.

ఇంకా ఏమేం చూపించాడో రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. నోటి దగ్గర గొట్టం మీద అంకె ఉంటుంది, మగవాళ్ళకి 23 దగ్గర, ఆడవాళ్ళకి 21 దగ్గర. చెయ్యి మారిన ప్రతిసారీ ఆ అంకె చూడాలి. మారితే గొట్టం జరిగిందని అర్థం, సిస్టర్ని పిలవాలి గానీ మనం తొయ్యకూడదు. బ్యాగు ఉన్నట్టుండి గట్టిపడితే గొట్టం మడత పడిందో, కఫం అడ్డుపడిందో. ఉన్నట్టుండి తేలికైపోతే ఎక్కడో ఊడింది. వెనకాల వేలాడే పల్చటి సంచి ఎప్పుడూ ఉబ్బి ఉండాలి, వాలిపోతే ఆక్సిజన్ చాలడం లేదన్నమాట. డి టైప్ పెద్ద సిలిండరు నిండుగా ఉంటే 7,000 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లు పోతుంటే పదకొండు గంటలకి పైగా వస్తుంది. వార్డు మార్చేటప్పుడు చేతికిచ్చే బి టైప్‌లో 1,500 లీటర్లే. రెండున్నర గంటలు. లిఫ్టు దగ్గర నిలబడ్డప్పుడు ఈ లెక్క గుర్తుండాలి.

వీటన్నిటికంటే నన్ను కూలదోసింది ఇంకొకటి. కట్లపాము కాటులో మనిషికి ఒళ్ళు కదలదు, రెప్ప తెరుచుకోదు, కానీ స్పృహ ఉండొచ్చు, అన్నీ వినపడుతుండొచ్చు. చుట్టూ ఉన్నవాళ్ళు పోయాడనుకుని ఏడుస్తుంటే అతను వింటూ ఉంటాడు. ఈ అన్న ముట్టుకునే ముందు ప్రతిసారీ తమ్ముడి చెవి దగ్గర వంగి చెప్పేవాడు. "తమ్ముడూ, ఇప్పుడు ఎడమ పక్కకి తిప్పుతాం." "తమ్ముడూ, కంట్లో మందేసి రెప్ప మీద పట్టీ వేస్తారు, ఎండిపోకుండా." "తెల్లారిపోయింది, బయట వాన పడతంది." జవాబు రాని మనిషితో రాత్రంతా అంత మర్యాదగా మాట్లాడడం నేను ఏ గుడిలోనూ, ఏ సభలోనూ చూడలేదు.

మీరు ఏ సంఘం అన్నా అని నేను అడిగితే తప్ప ఆయన చెప్పలేదు. వాళ్ళ ఊళ్ళో చిన్న బాప్టిస్టు సంఘమట, ఆయన అందులో పెద్ద. సంచిలో ఒక పాటల పుస్తకం, మామగారి మందుల చీటీలు, అంతే. కరపత్రం లేదు. మంచం మీద పడున్న మనిషి కాదనలేడు కాబట్టి అక్కడ బోధించకూడదని ఆయన నియమం. ఒడిశాలో బలవంతపు, ప్రలోభపు మతమార్పిడి మీద 1967 నుంచే చట్టం ఉంది కదా, అందుకా అన్నాను. "చట్టం లేకపోయినా అంతే అక్కా" అన్నాడు.

కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియనివ్వొద్దని మత్తయి సువార్త 6లో ఉంది. దీపం కుంచం కింద పెట్టొద్దని 5లో ఉంది. రెండూ ఒకే కొండమీది ప్రసంగంలోవి. అందుకే ఆయన పేరు దాచి, పని బయటపెడుతున్నాను. ఆయనకి ఇదీ నచ్చదేమో.

మన తెలుగు సంఘాల వాళ్ళకి ఒక మాట, కోపం తెచ్చుకోకండి. 1954లో ఒడిశాలోని బిస్సంకటక్‌లో ఆసుపత్రి మొదలుపెట్టిన డేనిష్ డాక్టరమ్మ ఎలిజబెత్ మాడ్సెన్ గురించి, సోంపేట కంటి ఆసుపత్రి డాక్టర్ బెన్ గలిసన్ గురించి జూబిలీల్లో చప్పట్లు కొడతాం. ఆసుపత్రికి మాత్రం పదిహేను మంది గుంపుగా వెళ్ళి, మంచం చుట్టూ నిలబడి, గట్టిగా ప్రార్థన చేసి, ఫొటో తీసుకుని వచ్చేస్తాం. ఇద్దరు వెళ్ళండి చాలు. ఒకరు రాత్రికి ఉండిపోండి. దోమతెర, ఫోను చార్జరు, చెప్పులు, చిల్లర పట్టుకెళ్ళండి. సంఘంలో ఎవరి రక్తం ఏ గ్రూపో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. అంబూ బ్యాగ్ నొక్కడం యూత్ మీటింగులో ఒక గంట నేర్పించమని దగ్గర్లో ఉన్న నర్సుని అడగండి.

పాము కరిస్తే తాడు కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరాలు, కడియాలు తీసేసి, కాలో చెయ్యో విరిగినప్పుడు కట్టినట్టు బద్ద పెట్టి కదలకుండా కట్టి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మంత్రగాడి దగ్గర ఎంత ఆలస్యమవుతుందో, నూనె రాసి ప్రార్థన చేస్తూ ఇంట్లో కూర్చున్నా అంతే ఆలస్యమవుతుంది. ప్రార్థన ఆటోలో కూర్చుని కూడా చెయ్యొచ్చు.

ఇక చెప్పకుండా ఉండలేనిది. ఆ వార్డు మూలన ఒక వెంటిలేటరు బట్ట కప్పి ఉంది. ఏదో చిన్న సెన్సర్ రాలేదట, ఎప్పటికి వస్తుందో ఎవరికీ తెలియదట. దాని పక్కనే నిలబడి మేం చేత్తో ఊపిరి పోశాం. తమ్ముడిది ఇటు ఆంధ్రా ఆరోగ్య కార్డు, కాటు అటు ఒడిశాలో అత్తవారింట్లో. అటు అంబులెన్సు సరిహద్దు దగ్గర ఆగిపోయింది, ఇటుది వచ్చేదాకా రోడ్డు మీద నిలబడ్డాం. ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు, 1936 ఏప్రిల్ 1న గీసిన గీత అది. ఆ గీతకి రెండు పక్కలా అవే పొలాలు, అవే పాములు, ఒకే ఇంటి మనుషులు. కార్డులు మాత్రం ఇటు వేరు, అటు వేరు. రెండు ప్రభుత్వాల వాళ్ళూ ఒక్కసారి ఆ రోడ్డు మీద, రాత్రిపూట, పేషెంటుతో నిలబడి చూడాలి.

అయ్యో, రాయడం మరిచిపోయాను. విసుక్కోకుండా ఎన్నిసార్లు పిలిచినా వచ్చి కఫం తీసిన నైట్ డ్యూటీ సిస్టరమ్మకి, స్ట్రెచరు తోసిన అబ్బాయికి, డబ్బులు తర్వాత ఇద్దురుగాని అన్న మందుల షాపాయనకి దండాలు. గేటు దగ్గర టీ కొట్టు అవ్వ మా ఫోన్లన్నీ చార్జింగు పెట్టింది. పాతపట్నం నుంచి దారంతా హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని తెచ్చిన ఆటో తమ్ముడూ, నీ నంబరు పోయింది, ఒకసారి ఫోన్ చెయ్యి, కిరాయి పూర్తిగా ఇవ్వలేదు. ఇంకో సంగతి, స్టీలు క్యారేజీ ఒకటి మా సామాన్లలో కలిసిపోయింది. మూత మీద ఒడియాలో రెండక్షరాలు చెక్కి ఉన్నాయి. ఎవరిదో చెప్పండి, కడిగి పెట్టాం, మరదలు తెచ్చిస్తుంది.