మంత్రిగారూ, మీ ఫారంలో స్లైసర్ ఏదండీ?

గౌరవనీయులైన ఆహార భద్రత శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

ప్రాసెస్ చేసిన మాంసంలో బ్యాక్టీరియా అంచనాకు మీ శాఖ తప్పనిసరి చేసిన గణిత మోడల్ ఫారం మీద ఇప్పటికి మూడు వినతిపత్రాలిచ్చాం. మూడింటికీ 'పరిశీలనలో ఉంది' అన్న ఒక్క ముక్కే జవాబు. మీ పరిశీలన తెమిలేదాకా లిస్టీరియా అనే ప్రాణాంతక బ్యాక్టీరియా ఆగదు కదండీ, దానికి 4 డిగ్రీల చలిలోనూ పెరగడం వచ్చు.

మీ ఫారం ఓవెన్ దగ్గరే ఆగిపోయింది. మాంసం నడిమధ్యన 70 డిగ్రీల వేడి రెండు నిమిషాలు నిలిస్తే లిస్టీరియా పది లక్షల్లో ఒక వంతుకు పడిపోతుంది. ఒప్పుకున్నాం. ఆ తర్వాత? ఆ సాసేజ్ పీలర్‌లో తొక్క ఒలిపించుకుని, బెల్టు మీద సాగి, స్లైసర్‌లో తెగి, అప్పుడు కదా ప్యాకెట్‌లో పడేది! ఉడికిన మాంసానికి లిస్టీరియా అంటేది ఎక్కువగా ఈ దారిలోనే. దానికి మీ ఫారంలో ఒక్క గడి లేదు.

ఒక్క స్లైసర్‌నే చూడండి. బ్లేడు గార్డు వెనక, మాంసాన్ని పట్టి ఉంచే గ్రిప్పు పళ్ల సందుల్లో కొవ్వు పేరుకుంటుంది. భాగాలు విప్పకుండా, డిటర్జెంట్‌తో రుద్దకుండా పైపైన క్లోరిన్ నీళ్లు కొడితే ఆ క్లోరిన్ అంతా మాంసం తుక్కు మీదే ఖర్చయిపోతుంది. అడుగున పొరకట్టిన బ్యాక్టీరియా క్షేమంగానే ఉంటుంది. మర్నాడు మొదటి స్లైసులకు ఎక్కువగా అంటుతుంది, పోనుపోను తగ్గుతుంది, సున్నాకు మాత్రం ఓ పట్టాన రాదు. నడుమ ఒక కొవ్వు పెళ్ల ఊడిపడిందా, లెక్క మళ్లీ పైకి లేస్తుంది. గ్రాఫులో ఈ పొడుగాటి తోకా ఈ ఎగుడుదిగుడూ కనబడకపోతే అది మోడల్ ఎలా అవుతుంది?

ఇక మీ సగటు. 100 ప్యాకెట్లలో 99 శుభ్రం, ఒక్కదాంట్లో గ్రాముకు 5,000 బ్యాక్టీరియా అనుకోండి. సగటు 50, మీ పరిమితి 100, కాబట్టి పాస్! ఆ ఒక్క ప్యాకెట్ కొన్న గర్భిణి సగటును తినదు కదండీ. పైగా అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ ఆ 100 ఇచ్చింది లిస్టీరియా పెరగలేని ఆహారానికి. పెరగగలిగిన వాటికైతే 25 గ్రాముల్లో అసలు కనబడకూడదు. శాంపిళ్లలో దొరికిపోతుందంటారా? నూటికి ఒక ప్యాకెట్ చెడినప్పుడు ఐదు తీసి పరీక్షిస్తే, ఐదూ శుభ్రమైనవే చేతికొచ్చే అవకాశం 95 శాతం.

నిల్వ ఉష్ణోగ్రత గడిలో 4 డిగ్రీలని మీరే అచ్చేసి, మార్చే వీల్లేకుండా తాళం వేశారు. పెరుగుదల రేటుకు వాడే వర్గమూల సూత్రంలో వేసి చూస్తే 8 డిగ్రీల దగ్గర లిస్టీరియా వేగం సుమారు మూడు రెట్లు. లోడు దించేటప్పుడు లారీ తలుపు ఎంతసేపు తెరిచి ఉంటుందో మీ అధికారులెవరైనా ఒక్కసారి నిలబడి చూశారా?

2017–18లో దక్షిణాఫ్రికాలో పోలోనీ అనే సాసేజ్ రకం మాంసంలోని లిస్టీరియా వల్ల వెయ్యి మందికి పైగా జబ్బుపడ్డారు, 200 మందికి పైగా చనిపోయారు. అది కూడా ఉడికించి అమ్మిన మాంసమే.

దయచేసి ఆ 4 డిగ్రీల తాళం తీయించండి. సగటు బదులు ప్యాకెట్ల మధ్య తేడా అడగండి. స్లైసర్‌కు ఒక గడి పెట్టించండి, బెల్టుకూ డ్రెయిన్‌కూ కూడా. ఏదీ కుదరదంటే, కుదరదన్న మాటైనా సంతకం పెట్టి పంపండి. 'పరిశీలనలో ఉంది' అన్న ముద్ర మాత్రం మళ్లీ వద్దు.

ఇట్లు,
మాంసం ప్రాసెసింగ్ ప్లాంట్ల నాణ్యత విభాగాల ఉద్యోగులు