కెమిస్ట్రీ అప్రెంటిస్‌కు ఆ ఏడాదిలో ఏం నేర్పాలి?

సంపాదకులకు నమస్కారం.

బీఎస్సీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పిల్లలు జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, పరవాడ, అచ్యుతాపురం, పైడిభీమవరం మందుల కంపెనీల్లో శిక్షణకు చేరడం ఇప్పుడు మామూలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీలోనే మూడు విడతలుగా పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. చదువయ్యాక చేరేవాళ్లకు కేంద్రం నడిపే నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ) పథకం కింద ఏడాది అప్రెంటిస్‌షిప్ ఉంది. ఏర్పాటు మంచిదే. లోపమల్లా, ఏ నెలలో ఏ పని చేతికి రావాలో రాసిన పేజీ చాలా చోట్ల లేకపోవడం. ఎక్కడ మనిషి తక్కువైతే అక్కడ నిలబెడతారు. ఏడాదంతా ఫ్లాస్కులు కడిగి, శాంపిల్ సీసాలకు లేబుళ్లు అంటించి వచ్చిన పిల్లలున్నారు. మూడో రోజే రాత్రి షిఫ్టులో రియాక్టర్ (రసాయన చర్య జరిపే పెద్ద పాత్ర) దగ్గర ఒంటరిగా నిలబడ్డవాళ్లూ ఉన్నారు. మొదటిది చదువుకు నష్టం, రెండోది ప్రాణానికే.

క్యూసీ (నాణ్యత పరీక్షించే) ల్యాబ్‌లో చేరినవాళ్ల సంగతి ముందు చెబుతాం. అక్కడ మొదట నేర్పవలసింది తూకం. కాలేజీలో దాన్ని పట్టించుకోరు. 0.1 మిల్లీగ్రాము వరకు చూపించే త్రాసు మీద 10 మిల్లీగ్రాములు తూస్తే ఆ చివరి అంకె తేడాయే ఒక శాతం. 100 మిల్లీగ్రాములు తూచి పలచన చేసుకుంటే అదే తేడా 0.1 శాతానికి పడిపోతుంది. పద్ధతిలో ఇంత బరువు తీసుకోమని ఎందుకు రాశారో ఈ లెక్క తెలిసినవాడికే అర్థమవుతుంది. ఏసీ గాలి సూటిగా తగిలినా, పొడికి స్టాటిక్ కరెంటు పట్టి పేపర్ అంచుకు అంటుకున్నా అంకె నిలవదు. నిలిచేదాకా ఆగే ఓపిక రావడానికి నెల రోజులు పడుతుంది.

ఆ తర్వాత మెడ మీద కొలత గీత ఉండే వాల్యూమెట్రిక్ ఫ్లాస్కు. పొడి కరగడానికి సోనికేటర్‌లో (శబ్ద తరంగాలతో కుదిపే నీళ్ల తొట్టిలో) పెడతారు, నీళ్లు వేడెక్కుతాయి, ఫ్లాస్కూ వేడెక్కుతుంది. మిథనాల్ ఒక్కో డిగ్రీకి దాదాపు 0.12 శాతం వ్యాకోచిస్తుంది. పది డిగ్రీలు వేడెక్కిన దాన్ని అలాగే గీత దాకా నింపితే, చల్లారాక వంద మిల్లీలీటర్లకు ఒక మిల్లీలీటరుకు పైనే తగ్గుతుంది. ద్రావణం చిక్కబడి, 100 శాతం రావలసిన అస్సే (మందు ఎంత శాతం ఉందన్న లెక్క) 101 దాటి కనిపిస్తుంది. బ్యాచ్‌లో ఏ దోషమూ లేకపోయినా విచారణ మొదలవుతుంది. ఫ్లాస్కు గది వేడికి వచ్చాకే గీత దాకా నింపాలన్న ఒక్క మాట మొదటి వారంలో చెప్పి ఉంటే ఎందరికో ఎన్నో రోజుల పని మిగిలేది.

హెచ్‌పీఎల్‌సీ (ద్రవాన్ని కాలమ్ అనే గొట్టంలో పంపి పదార్థాలను విడదీసి కొలిచే పరికరం) విషయానికొస్తే, పిల్లలకు బటన్లు నేర్పుతున్నారు, పరికరాన్ని నేర్పడం లేదు. బఫర్ (ఆమ్లత్వాన్ని నిలకడగా ఉంచే ద్రావణం) పీహెచ్‌ను అసిటోనైట్రైల్ అనే ద్రావకం కలపకముందే సరిచేయాలి. కలిపాక మీటర్ చూపే అంకె బఫర్ అసలు పీహెచ్ కాదు. పదార్థం పీకేఏకు (అది సగం అయాన్లుగా మారే పీహెచ్‌కు) దగ్గర్లో పీహెచ్ 0.1 కదిలినా పీక్ (గ్రాఫులో ఆ పదార్థం చూపే శిఖరం) చోటు మారిపోతుంది. మొబైల్ ఫేజ్‌ను (కాలమ్‌లో పారే ఆ మిశ్రమాన్ని) 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, గాలి తీసేసి పెట్టాలి. ఫాస్ఫేట్ బఫర్ నడిచిన కాలమ్‌ను సాయంత్రం నేరుగా అసిటోనైట్రైల్‌తో కడిగితే ఉప్పు లోపలే గడ్డకడుతుంది. మర్నాడు పొద్దున ప్రెషర్ ఎక్కుతుంది, పంపు సీళ్లు అరుగుతాయి. ముందు 90:10 నీరు, అసిటోనైట్రైల్ మిశ్రమంతో కనీసం అరగంట కడిగి, ఆపైన అసిటోనైట్రైల్ పెంచాలి. శాంపిల్‌ను పూర్తి అసిటోనైట్రైల్‌లో కరిగించి, నీళ్లెక్కువున్న మొబైల్ ఫేజ్‌లోకి ఇంజెక్ట్ చేస్తే పీక్ చీలుతుంది. కొత్తవాళ్లు కాలమ్ పాడైందనుకుని దాన్ని మార్చేస్తారు.

స్టాండర్డ్‌ను (స్వచ్ఛత తెలిసిన నమూనాను) ఐదారుసార్లు ఇంజెక్ట్ చేసి ఆర్‌ఎస్‌డీ (ఫలితాల మధ్య తేడాను చెప్పే శాతం) 2 శాతం లోపు ఉందో లేదో చూడటం అందరూ చేస్తారు. అది దాటినప్పుడు ఎక్కడ వెతకాలన్నదే అసలు విద్య. పీక్ వచ్చే సమయం స్థిరంగా ఉండి ఏరియాలు మారుతుంటే ఇంజెక్టర్ వైపు చూడాలి: సూదిలో గాలి, వయల్‌లో తక్కువ ద్రావణం, అరిగిన సీలు. సమయమే జరిగిపోతుంటే పంపులో బుడగ, చెక్ వాల్వ్, కాలమ్ వేడి, మొబైల్ ఫేజ్ కూర్పు చూడాలి. ఈ రెండింటి తేడా చెప్పగలిగిన అప్రెంటిస్‌ను ఏ కంపెనీ వదులుకోదు.

నీటి శాతం కొలిచే కార్ల్ ఫిషర్ పరీక్షకు మన వానాకాలం పెద్ద శత్రువు. మూత తీసి ఉంచిన ఆ కొద్ది సెకన్లలోనే పాత్రలోని మిథనాల్ గాలి తేమను పీల్చుకుంటుంది. టైట్రెంట్ (నీటితో చర్య జరిపే ద్రావణం) బలాన్ని సోడియం టార్ట్రేట్ డైహైడ్రేట్‌తో సరిచూస్తారు, అందులో నీరు 15.66 శాతం. ఈ అంకె తెలియకుండా ఆ బలం (ఫ్యాక్టర్) లెక్క కట్టే పిల్లలు ఎక్కువ. కీటోన్, ఆల్డిహైడ్ ఉన్న పదార్థమైతే అది మిథనాల్‌తో చర్య జరిపి తనే నీటిని పుట్టిస్తుంది, టైట్రేషన్ ఎంతకీ ఆగదు. అలాంటివాటికి మిథనాల్ లేని ప్రత్యేక ద్రావకాలు ఉన్నాయి.

ఇక రాత. చూసిన అంకెను చూసినప్పుడే, నోట్‌బుక్‌లోనే రాయాలి. టిష్యూ పేపర్ మీద రాసుకుని సాయంత్రం ఎక్కించడం, తప్పుపోయిన అంకె మీద వైట్‌నర్ పూయడం, బాగా రాని ఇంజెక్షన్‌ను ‘ట్రయల్’ అని పక్కన పెట్టడం... విదేశీ తనిఖీల్లో మన కంపెనీలు దొరికిపోయేది ఇలాంటిచోటే. తప్పును ఒక్క గీతతో కొట్టేసి, సంతకం, తేదీ, కారణం రాస్తే దాన్ని ఎవరూ తప్పుపట్టరు. పీక్ కింద గీతను చేత్తో లాగి ఫలితాన్ని పరిమితిలోకి తెమ్మని పైవాళ్లెవరైనా అంటే కుదరదని చెప్పే హక్కు అప్రెంటిస్‌కు ఉందని మొదటి రోజే రాతపూర్వకంగా తెలియాలి. ఈ ఒక్క విషయంలో మేం మెత్తగా మాట్లాడలేం.

ప్రొడక్షన్‌కు పంపకూడదని మా వాదన కాదు, పంపాలి. అర లీటరు ఫ్లాస్కులో చేసిన చర్యను 500 లీటర్ల రియాక్టర్‌కు పెంచితే ఘనపరిమాణం వెయ్యి రెట్లవుతుంది, వేడి బయటికి పోయే గోడ మాత్రం వంద రెట్లే పెరుగుతుంది. అంటే లీటరుకు దక్కే చల్లదనం పదో వంతు. ల్యాబ్‌లో అరగంటలో పోసిన రియాజెంట్‌కు (చర్య జరిపే రసాయనానికి) అక్కడ గంటలు ఎందుకు పడుతుందో పుస్తకంలో ఎంత చదివినా రియాక్టర్ పక్కన టెంపరేచర్ చార్టు చూసినప్పుడే మనసుకు ఎక్కుతుంది. మరీ చల్లగా ఉన్నప్పుడు పోస్తే అప్పటికేమీ జరగదు, రియాజెంట్ పోగుపడుతుంది. వేడి కాస్త ఎక్కగానే అంతా ఒక్కసారిగా చర్య జరుపుతుంది. స్టిరర్ (లోపల కలిపే యంత్రం) ఆగిపోతే పోయడం తక్షణం ఆపాలి. ఆగిన స్టిరర్‌ను సొంత నిర్ణయంతో మళ్లీ ఆన్ చేయకూడదు. పొరలుగా విడిపోయినవి అప్పుడే కలిసి పొంగుతాయి.

సాల్వెంట్ల (ద్రావకాల) దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. టోలీన్ ఫ్లాష్ పాయింట్ (ఆవిరికి నిప్పంటుకోగల కనిష్ఠ వేడి) 4 డిగ్రీలు. మన పారిశ్రామికవాడల్లో చలికాలం తెల్లవారుజామున కూడా అది దాదాపు ఎప్పుడూ మండే ఆవిరి ఇస్తూనే ఉంటుంది. టోలీన్, హెక్సేన్, హెప్టేన్ కరెంటును పంపవు కాబట్టి పైపులో పారుతుంటేనే స్టాటిక్ పోగవుతుంది. డ్రమ్ము తెరవకముందే ఎర్తింగ్ క్లాంపు పెట్టాలి, అదీ పెయింటు మీద కాకుండా ఇనుముకు తగిలేలా. పైపు కొస మునిగేదాకా వేగం సెకనుకు ఒక మీటరు మించకూడదు. ఆవిరి ఉన్న రియాక్టర్‌లోకి మ్యాన్‌హోల్ నుంచి ప్లాస్టిక్ సంచితో పొడి గుమ్మరించడం అన్నిటికన్నా ప్రమాదం. నైట్రోజన్ నింపిన పాత్రలోకి తల పెడితే రెండు మూడు శ్వాసలకే స్పృహ పోతుంది. ఈ రెండు పనులకూ అప్రెంటిస్‌ను ఏ పరిస్థితిలోనూ పంపకూడదు.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఎంటీబీఈ అనే సాల్వెంట్ ఆవిరి పేలుడులో 17 మంది చనిపోయారు. దాని ఫ్లాష్ పాయింట్ సున్నాకు 28 డిగ్రీలు తక్కువ, ఆవిరి గాలికన్నా మూడు రెట్లు బరువు. అందుకే అది పైకి పోకుండా కింది అంతస్తుకు జారుతుంది. 2025 జూన్ 30న పాశమైలారంలో స్ప్రే డ్రయ్యర్ (ద్రవాన్ని పొడిగా ఆరబెట్టే యంత్రం) ఉన్న యూనిట్‌లో జరిగిన పేలుడుకు 50 మందికి పైగా బలయ్యారు. సన్నటి సెల్యులోజ్ పొడి గాలిలో లేచినప్పుడు చిన్న రవ్వ చాలు. ద్రవాలే పేలుతాయనుకునే పిల్లలకు ఈ సంగతి కాలేజీలోనే చెప్పాలి.

స్టైపెండ్ గురించి క్లుప్తంగా. అప్రెంటిస్‌షిప్ నిబంధనల 2019 సవరణలో పట్టభద్ర అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయలని రాశారు, నాట్స్‌లో నమోదైతే కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం ఇస్తుంది. అంతకన్నా ముఖ్యం ఆ నమోదే. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం భద్రతా ఏర్పాట్లు కార్మికులతో సమానంగా అందాలి, గాయపడితే పరిహారం యజమాని బాధ్యత, అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. కాంట్రాక్టర్ ద్వారా ‘ట్రెయినీ’ పేరుతో చేర్చుకుంటే ఈ రక్షణ అడగడానికి చేతిలో కాగితం ఉండదు. చేరేముందు ఒప్పందం నంబరు అడిగి రాసుకోవాలని తల్లిదండ్రులకు మా విన్నపం.

కాలేజీలు ఇప్పుడు చూసేది స్పైరల్ బైండింగ్ రిపోర్టు. అందులో సగం కంపెనీ వెబ్‌సైట్ నుంచి దించినదే. దానికి బదులు రోజువారీ నోట్‌బుక్‌కు మార్కులు వేయండి. కంపెనీ రహస్యాలు బయటపడతాయన్న అభ్యంతరం వస్తుంది. ఉత్పత్తి పేరుకు బదులు కోడ్ రాయిస్తే సరిపోతుంది, తూకం, పీహెచ్, ప్రెషర్ రహస్యాలేమీ కావు. వైవాలో ఒక చెడ్డ క్రోమటోగ్రామ్ (హెచ్‌పీఎల్‌సీ గ్రాఫు) చేతికిచ్చి ఏమైందో చెప్పమనండి. లెక్చరర్ మూడు నెలలకోసారి కంపెనీకి వెళ్లి, పిల్లవాడు పనిచేసే చోటే నిలబడి మాట్లాడాలి, హెచ్‌ఆర్ గదిలో టీ తాగి వస్తే లాభం లేదు. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ ఐడీపీఎల్‌లో పని నేర్చుకుని బయటికొచ్చినవాళ్లే హైదరాబాద్ మందుల పరిశ్రమకు పునాది వేశారు. ఆ ఫ్యాక్టరీ పెద్ద బడిలా పనిచేసింది. ఇప్పటి కంపెనీలకూ ఆ శక్తి ఉంది.

మా సూచన ఇది: మొదటి నెల భద్రత, రాత మాత్రమే. తర్వాత ఐదు నెలలు క్యూసీ, మూడు నెలలు జనరల్ షిఫ్టులో ప్రొడక్షన్, మిగతా మూడు నెలలు ఆర్‌అండ్‌డీ (పరిశోధన) లేదా క్యూఏ (నాణ్యత హామీ). నేర్చుకున్న ప్రతి పనికీ ఎదురుగా నేర్పినవారి సంతకం ఉండాలి. రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు ఈ ఒక్క పేజీని వచ్చే విద్యా సంవత్సరం నుంచి కంపెనీలతో చేసుకునే ప్రతి ఒప్పందానికీ జతచేయాలని కోరుతున్నాం.

— క్యూసీ, ప్రొడక్షన్ విభాగాల్లో పనిచేసిన కొందరు కెమిస్టులు, హైదరాబాద్