నిమ్మరసం పూసుకుంటే మంగు పోదు సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో మొహం మీద మచ్చలకి నిమ్మరసం పూసుకోమని రాసినారు. మా వీధిలో ఇద్దరు అది చదివి నిమ్మచెక్కతో బుగ్గలు రుద్దుకోని టెర్రస్ మీద బట్టలారేస్తా ఉంటే చూడలేక రాస్తా ఉండా. నిమ్మరసం మీద ఎండ పడితే చర్మం కాలినట్టయ్యి ఇంకా నల్లబడతాది, మన తిరుపతి ఎండ గురించి మీకు చెప్పాల్నా!

నాకు రెండో కాన్పప్పుడు మంగు వచ్చింది. ఏ పెళ్ళికి పోయినా 'ఏం మే మొహం అట్లయిపోయిందే' అనేవాళ్ళే. మందులంగట్లో అడిగితే చీటీ గూడా అడక్కుండా ఒక ట్యూబ్ ఇచ్చినాడు. పది రోజులకే తెల్లగయ్యేసరికి మా ఆడబిడ్డకి గూడా కొనిచ్చినా, ఆ పాపం నాదే. ఆపితే మంట, ఎరుపు, మళ్ళీ పూస్తే తగ్గేది, అట్లా ఏడాది పూసేసరికి బుగ్గల మీద వెంట్రుకలు, సన్న ఎర్ర నరాలు.

రుయా ఆస్పత్రిలో చర్మం ఓపీకి పోతే డాక్టరమ్మ నా మొహం కన్నా ముందు ట్యూబ్ చూసింది. చీమ తలకాయంత అక్షరాల్లో బీటామెథాసోన్, అంటే స్టెరాయిడ్ అంట. పక్కన నిలువుగా ఎర్ర గీత ఉంటే డాక్టర్ చీటీ మీదే అమ్మాలంట. ఇట్లాంటి స్టెరాయిడ్ పూతలని 2018లోనే షెడ్యూల్ హెచ్‌లో, అంటే చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలో పెట్టినారు, అయినా చాక్లెట్ ఇచ్చినట్టు ఇస్తా ఉండారు.

మంగు హార్మోన్ల వల్ల, ఎండ వల్ల వస్తాది, గర్భం రాకుండా వేసుకునే మాత్రలతో గూడా. తగ్గడానికి నెలలు పడతాది, ఎండలో తిరిగితే మళ్ళీ వస్తాది. ఎస్పీఎఫ్ 30కి తగ్గకుండా సన్‌స్క్రీన్ రెండు మూడు గంటలకొకసారి పూసుకోవాల, పైన గొడుగు. హైడ్రోక్వినోన్ లాంటి మచ్చలు తగ్గించే పూతమందులు డాక్టర్ చెప్పినన్నాళ్ళే పూసుకోవాల. మెడ మీద మందంగా నల్లగా ఉంటే మాత్రం దాన్ని తోమద్దండి, షుగర్ టెస్ట్ చేయించుకోండి. మా వదినకి అట్లనే బయటపడింది.

డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు మఫ్టీలో పోయి 'మంగుకి క్రీమ్ ఇయ్యన్నా' అని అడిగి చూడాల. మీరు ఆ నిమ్మకాయ చిట్కా తప్పని ఈ ఆదివారం అదే పేజీలో, అంతే పెద్దక్షరాల్తో వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తిరుపతి