ఒరేయ్ శీనూ, ఆ ఎర్ర అట్ట పుస్తకం సంగతి

విశాఖపట్నం,
ఆదివారం, పొద్దున్న

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది. జవాబు రాయలేదని కోపంగా ఉంటావని తెలుసు. తిట్టుకో, పడతాను. నిజంగా తప్పు నాదే. రెండుసార్లు ఫోన్ చేశాను కానీ నువ్వు డ్యూటీలో ఉన్నావు. అయినా ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదులే. కూర్చుని మొదటినుంచీ చెప్పాలి.

ముందు ఇంటి సంగతులు. అమ్మకి మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది. అక్క కొడుక్కి అన్నప్రాశన సింహాచలంలో చేశాం, వాడు పుస్తకం పట్టుకున్నాడు. నేను మద్దిలపాలెం రూము ఖాళీ చేసి పెదవాల్తేరు మారాను. రాత్రిపూట కిటికీ తీస్తే సముద్రం హోరు వినిపిస్తుంది. అంతే. మిగతావన్నీ నీకు తెలిసినవే.

ఇక అసలు సంగతి.

నా పరిశోధన దేనిమీదో చాలాసార్లు చెప్పాను కదా. ఒక మనిషి నేర్చుకోవడం వేరు, ఒక సంస్థ నేర్చుకోవడం వేరు. పని తెలిసినవాడు మానేసి వెళ్ళిపోయినా ఆ తెలివి అక్కడ మిగలాలి. దాంట్లోంచి కొత్త పద్ధతి పుట్టాలి. అదెలా జరుగుతుందన్నదే నా గొడవంతా. దానికోసం గాజువాక ఆటోనగర్‌లో ఒక పంపుల రిపేరు వర్క్‌షాపుకి రెండు నెలలుగా తిరుగుతున్నాను. పేరు రాయను, వాళ్ళకి మాటిచ్చాను.

అక్కడ రెండు షిఫ్టులు. పగలు షిఫ్టు ఇన్‌ఛార్జి చాలా శుభ్రం మనిషి. నేలమీద చుక్క గ్రీజు కనపడకూడదు. ఆయన బల్ల వెనక గోడమీద పెద్ద బోర్డు: 'మన తప్పులే మనకు పాఠాలు'. రెండో షిఫ్టు చూసేది ఒక పెద్ద మేస్త్రి. అరవై దగ్గర పడ్డాయి. పంపు తిరుగుతుంటే పొడుగు స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ దగ్గర ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. 'ఇది వారం కూడా ఆగదు బాబూ' అంటాడు. నేనూ పెట్టుకుని విన్నాను. నాకు వట్టి హోరే వినిపించింది. 'రోజూ వినండి, వస్తుంది' అన్నాడు. పుస్తకాల్లో దీన్ని మాటల్లో పెట్టలేని జ్ఞానం అంటారు. జపాన్‌లో రొట్టె యంత్రం తయారుచేసేవాళ్ళకి పిండి సరిగ్గా కలవక, ఒకామె ఒసాకాలో ఒక హోటల్ వంటమాస్టరు దగ్గర చేరి, పిండి ఎలా మెలితిప్పి లాగాలో చేతులతో నేర్చుకొచ్చిన కథ ఉంది. నొనాకా అనే ఆయన రాశాడు. నీకు తప్పకుండా చెప్పాలనుకున్నాను, కానీ ఇప్పుడు అది కాదు.

ప్రతి షిఫ్టుకీ ఒక రీవర్క్ బుక్కు ఉంది, ఎర్ర అట్టది. చేసిన పని తేడా వచ్చి మళ్ళీ విప్పాల్సొస్తే అందులో రాయాలి. నేను రెండూ ముందేసుకుని లెక్కపెట్టాను. పగలు షిఫ్టుది ఒక్క పేజీ కూడా నిండలేదు. రెండో షిఫ్టుది పేజీల మీద పేజీలు. షాఫ్టు స్లీవు (తిరిగే కడ్డీకి తొడిగే గొట్టం) గీసుకుపోయింది, సీలు తిరగేసి పెట్టాం, బోల్టు మర్చిపోయాం, అన్నీ తేదీలతో సహా. నాకింకేం కావాలి? 'పగలు షిఫ్టు బాగా నేర్చుకుంటోంది, రెండో షిఫ్టు వెనకబడింది' అని చాప్టర్ రాసేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఓనరు గారు టీ తాగుతూ 'ఏం తేలింది మాస్టారూ?' అంటే, 'రెండో షిఫ్టులో తప్పులు ఎక్కువండీ' అనేశాను.

నేనన్నది ఒక్క మాటే రా శీనూ. వారం తిరక్కుండానే మేస్త్రిని ఇన్‌ఛార్జిగా తీసేసి పగలు ఇన్‌ఛార్జి కింద వేయబోతున్నారని తెలిసింది. ఆ సాయంత్రం మేస్త్రి ఎదురుపడ్డాడు. నన్ను ఒక్క మాట అనలేదు. 'తిన్నారా బాబూ' అని అడిగాడు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మన మూడో బెంచీ మీద ఒట్టు.

మర్నాడు సాయంత్రం వాన. బస్సులు లేక రెండో షిఫ్టు అయ్యేదాకా అక్కడే ఉండిపోయాను. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐసు ఫ్యాక్టరీ నుంచి ఒక పంపు మూడోసారి తిరిగొచ్చింది. మోటారు, పంపు ఒకే ఇనప ఫ్రేము మీద బిగించి ఉంటాయి. మళ్ళీ అదే బేరింగ్ పోయింది. మేస్త్రి ఏమీ అనకుండా బీరువాలోంచి పాత పుస్తకం తీశాడు. పేజీలన్నీ అలలు తిరిగి ఉన్నాయి. 2014లో హుద్‌హుద్‌కి షెడ్డు రేకులు లేచిపోతే పుస్తకాలు తడిసిపోయాయట, ఒక్కో కాగితం విడదీసి ఆరబెట్టాడట. అందులో ఇలాంటిదే ఎప్పుడో వచ్చిందని వెతుకుతున్నాడు. ఇంతలో ఐటీఐ నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు, పద్దెనిమిదేళ్ళుంటాయేమో, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ అన్నాడు: 'మేస్త్రీ, తప్పు నాదే. మొదటిసారి బిగించేటప్పుడు మోటారు ఒక కాలు కింద షిమ్ పెట్టలేదు. సైజు దొరకలేదు. బోల్టు గట్టిగా లాగేశాను.'

షిమ్ అంటే కాలి కింద సందు పూడ్చే పల్చటి రేకులే. తిడతాడనుకున్నాను. మేస్త్రి పెన్ను తీసి వాడి చేతికిచ్చాడు. 'రాయి. తేదీ వెయ్యి.' వాడు రాశాక మిగతా నలుగురినీ పిలిచాడు. షాఫ్టు మీద డయల్ గేజి (కాస్త కదిలినా ముల్లుతో చూపించేది) పెట్టి, వాడిచేతే ఆ కాలి బోల్టు వదులు చేయించాడు. స్పానరు తిరగ్గానే గేజి ముల్లు గబుక్కున పక్కకి పోయింది! అంటే ఆ బోల్టు బిగించినప్పుడల్లా మోటారు కాస్త మెలిపడి షాఫ్టు లైను తప్పుతోంది. ఆ లోడంతా బేరింగ్ మీదే పడుతోంది. రెండుసార్లు బేరింగ్ మార్చారే తప్ప, అసలెందుకు పోతోందని ఎవరూ చూడలేదు. ఆర్గిరిస్, షోన్ అని ఇద్దరు పండితులు 1978లో రాసింది సరిగ్గా ఇదే. తప్పు దిద్దుకోవడం ఒక మెట్టు, ఆ తప్పు పుట్టించే పద్ధతినే ప్రశ్నించడం ఇంకో మెట్టు. ఈ రెండో మెట్టునే డబుల్ లూప్ అంటారు. పరీక్షలో పదిహేను మార్కులకి రాశాను కూడా. అది నా కళ్ళముందు జరిగింది ఆ రాత్రే. ఇకనుంచి ఏ మోటారైనా నాలుగు కాళ్ళ బోల్టులూ ఒక్కొక్కటే వదిలి గేజి చూశాకే బయటికి పంపాలని అప్పటికప్పుడు అనుకున్నారు. కొత్త పద్ధతి పుట్టడం అంటే ఇదే కదరా!

మర్నాడు పొద్దున్న పది దాటాక పగలు షిఫ్టులో నిలబడి ఉన్నాను. ఒక కుర్రాడు అటూ ఇటూ చూసి, గీతపడిపోయిన స్లీవుని కాటన్ వేస్టులో చుట్టి తుక్కు డ్రమ్ము అడుగుకి తోసేశాడు. ఇన్‌ఛార్జి బల్ల దగ్గరే ఉన్నాడు, వెనక ఆ బోర్డు. సాయంత్రం బుక్కు చూస్తే ఆ రోజు ఖాళీ.

నాకు ఒళ్ళు ఝల్లుమంది. రూముకొచ్చి ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలి పేపరు తీశాను. ఆవిడ హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు రెండు ఆసుపత్రుల్లో, ఎనిమిది నర్సింగ్ యూనిట్లలో మందుల పొరపాట్లు చూసింది. మంచి జట్టులో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంది. లెక్క తిరగబడింది, మంచి జట్లలోనే ఎక్కువ కనపడ్డాయి. ఆవిడ నాలా గబుక్కున తీర్పు రాసేయలేదు. అవి ఎక్కువ జరుగుతున్నాయా, లేక అక్కడ భయం లేక ఎక్కువ బయటికి చెబుతున్నారా అని అనుమానపడింది. ఈ లెక్కలేవీ తెలియని ఒక సహాయకుణ్ణి యూనిట్లకి పంపి చూడమంది. 1996లో అచ్చయింది. తర్వాత 1999లో ఒక కంపెనీలో 51 జట్లని చూసి, తప్పు ఒప్పుకున్నా నామోషీ ఉండదన్న ధైర్యం ఉన్న జట్టే నేర్చుకుంటుందని రాసింది. మా గైడ్ మేడం మొదటి ఏడాదే ఈ పేపర్లు చేతిలో పెట్టారు. అండర్‌లైన్లు కూడా నావే!

తెల్లారగానే ఓనరు దగ్గరికి పరిగెత్తాను. 'సార్, నేను చెప్పింది తప్పు. రెండో షిఫ్టులో తప్పులు ఎక్కువ కాదు, రాయడం ఎక్కువ' అని అంతా చెప్పాను. ఆయన నమ్మలేదు. లేచి తుక్కు డ్రమ్ము దగ్గరికి వెళ్ళి, చెయ్యి పెట్టి కెలికాడు. కాటన్ వేస్టు మూటలు ఒకటి కాదు, నాలుగు వచ్చాయి. ఒక స్లీవుని వెలుగులో తిప్పి చూసి 'ఎవడు?' అన్నాడు. నాకు గుండె దడదడ. 'అది అడిగితే రేపట్నుంచి డ్రమ్ములో కూడా దొరకవు సార్' అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట! నువ్వుంటే, మంచి మాట పడిందని, 'జీడిపప్పు పడింది' అనేవాడివి. చాలాసేపు మాట్లాడలేదాయన. టీ చల్లారిపోయింది. 'మేస్త్రిని అక్కడే ఉంచుదాం' అన్నాడు చివరికి.

సంతోషంతో బీచ్‌దాకా నడిచి ఒక్కణ్ణే మురీ మిక్స్‌చర్ తిన్నాను. నీ పొట్లం కూడా నేనే తిన్నాను, ఏమనుకోకు.

కానీ శీనూ, మొన్న ఓనరు ఇంకో మాటన్నాడు. పగలు షిఫ్టులో ఒక్కొక్కరూ వారానికి రెండు తప్పులు కచ్చితంగా రాయాలట! వద్దు సార్ అని మొత్తుకున్నాను. అలా చేస్తే ఉత్తుత్తి తప్పులు రాసి అసలువి దాచేస్తారు. భయం పోవాలిగానీ లెక్క పెరిగితే ఏం లాభం? ఆ ఇన్‌ఛార్జి కూడా చెడ్డవాడేం కాదురా, ఆయన్ని డెలివరీ తేదీల గురించి తప్ప ఇంకేమీ అడగలేదు ఇన్నేళ్ళూ. ఇవాళ్టి పని తొందరగా తేలితే లాభం వెంటనే కనపడుతుంది, కొత్తది వెతకడానికి పెట్టిన సమయం ఎప్పుడు ఫలిస్తుందో తెలీదు, అందుకే సంస్థలు వెతకడం మానేస్తాయని జేమ్స్ మార్చ్ అనే పండితుడు 1991లోనే రాశాడు. మరి ఆ ఇన్‌ఛార్జిని ఎలా... మేస్త్రి ఒక వారం పగలు షిఫ్టులో కూర్చుంటానన్నాడు, ఇన్‌ఛార్జి ఒప్పుకుంటాడో లేదో. నాకైతే టెన్షన్‌గా ఉంది. చాప్టర్ మొత్తం మళ్ళీ రాయాలి, ఆ మొదటి లెక్క, నేను పడ్డ పొరపాటు, తేదీతో సహా అందులో పెడతాను. మేడం కూడా సరే అన్నారు.

అయ్యో, పదకొండున్నర అయిపోయింది! మేస్త్రి ఇవాళ వాళ్ళింటికి భోజనానికి రమ్మన్నాడు, గాజువాక బస్సు అందుకోవాలి. ఆ ఐసు ఫ్యాక్టరీ పంపు మళ్ళీ రిపేరుకి తిరిగి రాలేదు. నిన్న అక్కడికే వెళ్ళి స్క్రూడ్రైవర్ పెట్టి విన్నాను, ఈసారి నాకు హోరు కాకుండా లోపల ఇంకేదో

బస్సొచ్చేసింది రా. మిగతాది వచ్చాక.

నీ
బుజ్జిగాడు