అలర్టులు మెషీన్ చూస్తుంది సరే, ఫ్రెషర్లు పని ఎక్కడ నేర్చుకోవాలి?

సంపాదకులకు నమస్కారం.

ఆటోమేషన్, ఏఐ వచ్చాక సైబర్ సెక్యూరిటీలో పని తేలికైపోయిందని, ఇక రాత్రి షిఫ్టులకు మనుషులే అక్కర్లేదని ఈమధ్య పేపర్లలో తరచూ చదువుతున్నాను. నేను ఆ పనిలోనే ఉన్నాను, హనుమకొండలో ఇంటి నుంచే షిఫ్టులు చేస్తాను. తేలికైంది నిజమే, కానీ ఎవరికి తేలికైంది, ఆ బరువు పోయి ఎవరి నెత్తిన పడింది అనేది కూడా ఎవరో ఒకరు రాయాలి కదా.

మా పని తెలియనివాళ్ల కోసం కాస్త చెప్తాను. ఒక కంపెనీ కంప్యూటర్లు, సర్వర్లు, మెయిళ్ల లాగ్‌లన్నీ, అంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే రికార్డులన్నీ, ఒకచోటికి వస్తుంటాయి, ఏదైనా తేడాగా కనిపిస్తే అలర్ట్ లేస్తుంది. వాటిని చూసే జట్టును సాక్ (సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్) అంటారు. అందులో ఎల్1 వాళ్లు, అంటే మొదటి అంచెవాళ్లు, ముందు చూసి, ఉత్తదైతే మూసేస్తారు, అనుమానం ఉంటే పై అంచె ఎల్2కు పంపుతారు. వచ్చేవాటిలో చాలావరకు ఉత్తవే. ఎవరో పాస్‌వర్డ్ మర్చిపోయి పదిసార్లు కొట్టి ఉంటారు, ఇంకెవరో సెలవు పెట్టి దుబాయ్‌లో ఉన్న అన్న దగ్గరికి పోయి అక్కడి నుంచి ఆఫీసు మెయిల్ తెరిచి ఉంటారు.

ఇప్పుడీ మొదటి వడపోతంతా ప్లేబుక్‌లే చేస్తున్నాయి, అంటే ఏ అలర్ట్‌కు ఏం చేయాలో ముందే రాసిపెడితే మెషీన్ దానంతటదే నడిపే వరుసలు. ఐపీ అడ్రస్ మంచిదా కాదా వెతకడం, టికెట్ తెరవడం (అంటే ఆ అలర్ట్‌ను కేసుగా నమోదు చేయడం), అవసరమైతే ఆ కంప్యూటర్‌ను నెట్‌వర్క్ నుంచి విడగొట్టడం, అన్నీ. నేను దీనికి వ్యతిరేకిని కాదు. 2013లో అమెరికాలో టార్గెట్ అనే దుకాణాల సంస్థ నుంచి 4 కోట్ల కార్డుల వివరాలు పోయినప్పుడు అలర్ట్ రాకేం కాదు, వచ్చింది, బెంగళూరులోని వాళ్ల జట్టు చూసి అమెరికాకు చెప్పింది కూడా. అక్కడ ఎవరూ కదల్లేదు. ఆ వివరాలు కాజేసిన మాల్‌వేర్‌ను (దొంగ సాఫ్ట్‌వేర్‌ను) దానంతటదే తీసేసే ఏర్పాటు టూల్‌లో ఉన్నా ఆఫ్ చేసి పెట్టారని అప్పట్లో వార్తలొచ్చాయి. కాబట్టి ఆటోమేషన్ ఉండాల్సిందే.

నా బాధల్లా ఎల్1 గురించి. ఆ ఉత్త అలర్టులు చూసీ చూసీనే మేమంతా పని నేర్చుకున్నాం. మామూలు లాగిన్ ఎలా ఉంటుందో కంటికి అలవాటైతేనే దొంగ లాగిన్ పట్టుబడుతుంది. ఇప్పుడు చేరే పిల్లల దగ్గరికి మెషీన్‌కు అంతుబట్టనివే వస్తున్నాయి. చెరువులో ఈత నేర్వనివాణ్ని గోదావరి వరదలో దింపినట్టుంది. సీనియర్ల పరిస్థితీ గొప్పగా లేదు. ఇదివరకు కష్టమైన కేసుల మధ్య తేలికవి వచ్చి కాస్త ఊపిరాడేది, ఇప్పుడు షిఫ్టంతా తలనొప్పి కేసులే. పైగా ఆటోమేషన్ పెట్టాం కదా అని జట్టులో మనుషుల్ని తగ్గిస్తారు. మిగిలినవాళ్లకు టెన్షన్, నెలాఖరుకు మేనేజర్లకు మాత్రం గ్రాఫులు అందంగా వస్తాయి.

ఒక క్లయింట్ దగ్గర జరిగింది చెప్తాను. జీతాల రోజు ముందు అకౌంట్స్‌లో పనిచేసే ఆవిడ అర్ధరాత్రి దాకా కూర్చుని పనిచేస్తుంటే, ఆ టైంలో లాగిన్ ఏంటని ప్లేబుక్ ఆమె లాప్‌టాప్‌ను విడగొట్టేసింది. డ్యూటీలో ఉన్న కుర్రాడు లాగ్ చూసి ఏమీ లేదని తేల్చేశాడు. కానీ తిరిగి కలిపే పర్మిషన్ అతనికి లేదు, ఆ పర్మిషన్ ఉన్నాయన ఎక్కడో నిద్రపోతున్నాడు. తెల్లారి తిట్లు తిన్నది మాత్రం ఆ కుర్రాడే! ప్లేబుక్‌ను ఎవరు తిడతారు?

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ దెబ్బకు, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారమే, 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి. మన శంషాబాద్ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు, గుర్తుండే ఉంటుంది. అది హ్యాకర్ల పని కాదు, కాపలా కాయాల్సిన సాఫ్ట్‌వేర్‌కు దానంతటదే వచ్చిపడిన అప్‌డేట్. దాన్ని సరిచేయడానికి చాలాచోట్ల మనుషులే ఒక్కో మెషీన్ దగ్గర కూర్చుని, సేఫ్ మోడ్‌లోకి పోయి, ఆ ఫైల్ తీసేయాల్సి వచ్చింది. మన దగ్గర 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం దాడి సంగతి తెలిసిన 6 గంటల్లో వాళ్లకు రిపోర్ట్ చేయాలి. ఆ 6 గంటల్లో లాగ్‌లు చదివి ఏం జరిగిందో అర్థం చేసుకునేవాళ్లు షిఫ్టులో ఉండాలి కదా, వాళ్లెక్కడి నుంచి ఊడిపడతారు?

వరంగల్ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు వేలకు వేలు కట్టి సాక్ అనలిస్ట్ కోర్సులు చేస్తున్నారు. తీరా చూస్తే ఫ్రెషర్ పోస్టుకే రెండు మూడేళ్ల అనుభవం అడుగుతున్నారు. కోర్సుల్లో కూడా టూల్‌లో ఏ బటన్ ఎక్కడుందో చూపిస్తున్నారు గానీ లాగ్ చదివించడం తక్కువ. కంపెనీలు చేయదలుచుకుంటే ఇది పెద్ద ఖర్చు కాదు. మెషీన్ మూసేసిన టికెట్లలోంచి రోజూ కొన్ని తీసి కొత్తవాళ్లతో మళ్లీ చూపించాలి, పక్కన ఒక సీనియర్ కూర్చోవాలి, ఆ గంటను పనిగానే లెక్కపెట్టాలి. దానివల్ల మెషీన్ తప్పుగా మూసేసినవీ బయటపడతాయి. షిఫ్టులో ఉన్నవాళ్లకు ప్లేబుక్‌ను ఆపే అధికారం కూడా ఇవ్వాలి, ఎందుకు ఆపారో రాయించుకోండి, అంతే.

మీకూ ఒక విన్నపం. మడికొండ ఐటీ పార్కులోనో కరీంనగర్ ఐటీ టవర్‌లోనో కొత్త కంపెనీ వస్తోందని ప్రకటించినప్పుడు, మొత్తం ఉద్యోగాలెన్నో రాసి వదిలేయకుండా, అందులో ఫ్రెషర్లకు ఎన్ని, వాళ్లకు పని నేర్పేదెవరు అని మీ విలేకరులు అక్కడికక్కడే అడగాలి.

— ఒక సాక్ ఉద్యోగి, హనుమకొండ