పాయింట్లు తీసేసే ముందు డిస్ట్రిబ్యూటర్‌ను విప్పి చూడాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

పాత పెట్రోలు కార్లకూ జీపులకూ పాయింట్లు, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ కోసం కరెంటును తెంపే చిన్న స్విచ్చు, తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్టు బిగించుకుంటే ఇక ఏ చింతా ఉండదని చెప్పే వ్యాసం ఈ మధ్య మీ ఆదివారం సంచికలో చదివాను. సలహా మంచిదే. నా అంబాసిడర్‌కు ఆ మార్పు ఎప్పుడో చేయించాను, తిరిగి పాయింట్లకు వెళ్లే ఉద్దేశం కూడా లేదు. అయితే ఆ వ్యాసంలో అసలు విషయం ఒకటి రాలేదు. కిట్టు వచ్చి కూర్చునేది డిస్ట్రిబ్యూటర్‌లో, అంటే ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే భాగంలో, పాయింట్లూ వాటి మధ్య మెరుపును అణిచే కండెన్సరూ ఉన్న చోట మాత్రమే. షాఫ్టు, బుష్షు, వెయిట్లు, స్ప్రింగులు, వాక్యూమ్ డబ్బా, రోటరు, క్యాపు అన్నీ పాతవే మిగులుతాయి. అవి అరిగిపోయి ఉండగా పైన కొత్త కిట్టు పెట్టడం పునాది కుంగిన ఇంటికి సున్నం వేసినట్లే అవుతుంది. కడపలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఈ పని తరచూ ఇలాగే జరుగుతున్నది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

పాయింట్ల పద్ధతి గత శతాబ్దం తొలి రోజుల్లో అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించినది. పన్నెండు వోల్టుల బ్యాటరీ నుంచి సుమారు నాలుగు ఆంపియర్ల కరెంటు పాయింట్ల గుండా కాయిల్‌లోకి పోతూ ఉంటుంది. క్యాము తిరిగి పాయింట్లు విడిపోయిన క్షణాన ఆ కరెంటు తెగి, కాయిల్ రెండో చుట్టలో వేల వోల్టులు పుట్టి ప్లగ్గులో నిప్పురవ్వ పడుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు వంద రవ్వలు కావాలి, అంటే సెకనుకు వందసార్లు ఆ పాయింట్లు విడిపోయి కలవాలి. ఇన్ని దెబ్బలు తింటూ పాయింట్ల ముఖాలు ఒకవైపు గుంటపడి మరోవైపు మొటిమ లేస్తాయి. క్యామును రాసుకునే ఫైబరు ముక్క కూడా అరుగుతుంది. అది అరిగే కొద్దీ గ్యాపు తగ్గి, టైమింగ్, అంటే రవ్వ పడే సమయం, నెమ్మదిగా వెనక్కు జారుతుంది. లూకాస్ డిస్ట్రిబ్యూటర్లకు చెప్పిన గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ఫీలర్ గేజ్ పెట్టి దాన్ని సరిచేయడం కష్టమైన పని కాదు గానీ, మాటిమాటికీ చేయాలి, చాలామంది చేయరు. చేయకపోతే మిస్సింగ్, అంటే కొన్ని రవ్వలు తప్పిపోవడం, మొదలై కాలని పెట్రోలు పొగగొట్టం గుండా బయటికి పోతుంది. పొగ ధ్రువపత్రం పరీక్షలో పాత నాలుగు చక్రాల పెట్రోలు బండ్లకు హైడ్రోకార్బన్ల పరిమితి 1500 పీపీఎం, కార్బన్ మోనాక్సైడు 3 శాతం. ఎంతో కొంత మిస్సింగ్ ఉన్న ఇంజిను ఆ హైడ్రోకార్బన్ల పరిమితిని మించిపోవడం పెద్ద విషయం కాదు. క్రైస్లర్ సంస్థ 1973లోనే తన అమెరికా కార్లన్నిటికీ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఇచ్చింది, 1975కు జనరల్ మోటార్స్ కూడా అదే దారి పట్టింది. పొగ నిబంధనలు బిగిసే కొద్దీ, వాడుకలో టైమింగ్ జారిపోయే పాయింట్లతో ఇక కుదరదని వారికి తేలిపోయింది.

మనకు దొరికే కిట్లలో ఎక్కువ భాగం షాఫ్టు మీద అయస్కాంతాలున్న ఒక రింగును తొడిగి, దాని పక్కన చిన్న సెన్సరును నిలబెడతాయి. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రం మీద పనిచేసే సెన్సరు అది. అయస్కాంతం ఎదుటికి వచ్చి పోగానే ట్రాన్సిస్టరు కాయిల్ కరెంటును తెంపుతుంది. రాపిడి లేదు కాబట్టి అరుగుదల లేదు, ఒకసారి పెట్టిన టైమింగ్ కదలదు. కాంతి కిరణంతో పనిచేసే రకం కూడా ఉంది. మన వైపు దుమ్మును తలచుకుంటే నా మొగ్గు అయస్కాంతం రకానికే.

ఇక నేను చెప్పదలచిన మాట. నా మిత్రుని అంబాసిడర్‌కు ఒక షెడ్డులో కిట్టు బిగించారు. రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిను కొట్టుకోవడం మాత్రం మునుపటిలాగే ఉండిపోయింది. కిట్టే పాడని చెప్పి రెండో కిట్టు పెట్టారు, ఫలితం లేదు. చివరకు వేరే మెకానిక్కు డిస్ట్రిబ్యూటర్‌ను పూర్తిగా బయటికి తీసి, బేస్ ప్లేటు ఎత్తి చూపించాడు. వేగం పెరిగినప్పుడు బయటికి జరిగి రవ్వను ముందుగా పడేలా చేసే రెండు వెయిట్లూ కింద ఎండి గట్టిపడిన గ్రీజులో బయటి వైపుకు చాచుకుని అతుక్కుపోయి ఉన్నాయి, వేలితో నెట్టినా కదలలేదు. ఇంజిను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు వెనక్కు ముడుచుకోవలసిన అడ్వాన్సు (రవ్వ ముందుగా పడే మోతాదు) నిండుగా ముందుకు పోయి నిలిచిపోయింది. బరువు మీద ఇంజిను కొట్టుకోక ఏం చేస్తుంది? కిరసనాయిలుతో కడిగి, పలుచని నూనె రాసి బిగించాక ఘాట్ మీద ఆ చప్పుడు పోయింది. ఆ రెండు కిట్లలోనూ ఏ లోపమూ లేదు.

అందువల్ల కిట్టు కొనే ముందు ప్రతి యజమానీ దగ్గరుండి చేయించుకోవలసిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. క్యాపు తీసి రోటరును అది తిరిగే దిక్కుకు చేత్తో మెల్లగా తిప్పి వదిలితే అది స్ప్రింగు లాగినట్లు తనంతట తాను వెనక్కు రావాలి; రాకపోతే వెయిట్లు పట్టేసినట్లు. షాఫ్టు తలను వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపితే చెప్పుకోదగినంత ఆట, అంటే వదులు, తగలకూడదు. తగిలితే షాఫ్టును పట్టి ఉంచే బుష్షు అరిగింది. సెన్సరు ఈ ఆటను పాయింట్ల కంటే కాస్త ఎక్కువగా సహిస్తుంది గానీ దాన్ని పోగొట్టదు. డిస్ట్రిబ్యూటర్‌లో ఒక డిగ్రీ తేడా క్రాంకు దగ్గర రెండు డిగ్రీలవుతుందని గుర్తుంచుకోవాలి. కొత్త బుష్షు లేత్ మీద చేయించడం మన ఊళ్లలో సాధ్యమే. ఇంజిను పీల్పుతో అడ్వాన్సును మార్చే వాక్యూమ్ డబ్బాకు వెళ్లే సన్నని గొట్టాన్ని నోటితో పీల్చి పట్టుకుంటే బేస్ ప్లేటు కదిలి అక్కడే నిలవాలి. ఆ డబ్బాలోని పలుచని పొర, అంటే డయాఫ్రం, చిరిగిన బండి ఘాట్ మీద ఏమీ తెలియనివ్వదు, ఎందుకంటే యాక్సిలరేటర్ నిండా తొక్కినప్పుడు వాక్యూమ్ ఎలాగూ ఉండదు. కర్నూలు వైపు చదునైన రోడ్డు మీద సగం యాక్సిలరేటర్‌తో సాగేటప్పుడు మాత్రం మైలేజీ పడిపోతుంది. స్ప్రింగుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. చాలా లూకాస్ డిస్ట్రిబ్యూటర్లలో రెండు స్ప్రింగుల్లో లావుది ఆగి ఉన్నప్పుడు వదులుగానే ఉంటుంది. వేగం పెరిగాక పట్టుకోవాలని కావాలనే అలా చేశారు. దాన్ని లోపమనుకుని కొక్కెం వంచి బిగించేవారు అడ్వాన్సు మొత్తాన్నీ చెడగొడుతున్నారు. దయచేసి ఆ పని చేయనివ్వకండి.

కాయిల్ విషయంలోనూ తొందర పనికిరాదు. పాత మామూలు కాయిల్ నిరోధం సుమారు మూడు ఓములు, బ్యాలస్ట్‌తో, అంటే కరెంటును తగ్గించే విడి నిరోధంతో, వాడేవాటిది ఒకటిన్నర. ఇంజిను నడుస్తున్నప్పుడు బండిలో పద్నాలుగు వోల్టులుంటాయి కాబట్టి మొదటి దానిలో ఐదు ఆంపియర్లలోపే పోతుంది, బ్యాలస్ట్ లేకుండా రెండోదాన్ని కలిపితే తొమ్మిది దాటుతుంది. కిట్టు కాగితంలో ఎన్ని ఓముల కాయిల్ కావాలని రాసి ఉందో చూడకుండా దొరికినది తగిలిస్తే ముందు కాలేది కిట్టులోని ఎలక్ట్రానిక్ భాగమైన మాడ్యూలే. బేస్ ప్లేటు నుంచి బాడీకి ఉండే చిన్న ఎర్త్ వైరు తెగి ఉంటే మిస్సింగ్ ఎక్కడి నుంచి వస్తున్నదో ఎంత వెతికినా దొరకదు. పాత బ్రిటిష్ కార్లు కొన్నింటిలో బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిపి ఉంటుంది, యుద్ధకాలపు విల్లీస్ జీపులు ఆరు వోల్టులవి. వాటికి మామూలు కిట్టు పనికిరాదు. ఇంజిను ఆపి తాళం చెవి ఆన్‌లో వదిలేసి పాటలు వినే అలవాటు ఉన్నవారు దాన్ని మానుకోవాలి, ఎందుకంటే అప్పుడు కాయిల్‌లో కరెంటు ఆగకుండా పోతూ కాయిల్, మాడ్యూలు వేడెక్కిపోవచ్చు.

మన కడప ఎండల్లో బానెట్ కింద వేడి ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. పాయింట్లు చెడిపోయేటప్పుడు ముందుగా తడబడి చెబుతాయి, గరుకు కాగితం ముక్కతో ఇంటికి చేరవచ్చు. మాడ్యూలు పోతే బండి ఉన్నచోటే ఆగిపోతుంది. అందుకే తీసిన పాయింట్లూ కండెన్సరూ పారేయకుండా, స్క్రూలతో సహా డబ్బాలో పెట్టి డిక్కీలో ఉంచుకోవాలి. పాయింట్లను విసిరేసి, బేస్ ప్లేటుకు కొత్త రంధ్రాలు చేసి కిట్టు బిగించే షెడ్లకు బండి ఇవ్వకపోవడమే మంచిది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది, ఇలా పాడైన డిస్ట్రిబ్యూటర్‌కు బదులు మంచిది దొరకడం ఏటేటా కష్టమవుతున్నది.

దీనికి చట్టం కోణం కూడా ఉంది. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేసుకుని వీఏ అక్షరాలున్న నంబరు పొందవచ్చు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పునర్నమోదుకు 5,000. అయితే బండి అసలు రూపంలోనే ఉండాలి, చాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజిన్‌లో గానీ పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. క్యాపు కింద ఒదిగిపోయి, కొద్దిసేపట్లో వెనక్కు తీసివేయగల కిట్టును అలాంటి మార్పుగా చూడడం న్యాయం కాదని నా అభిప్రాయం. రవాణా శాఖవారు దీనిపై ఒక స్పష్టత ఇస్తే యజమానులు నిశ్చింతగా ఉంటారు.

చివరగా రెండు విన్నపాలు. డిస్ట్రిబ్యూటర్ విప్పి కూర్చగల పెద్ద మెకానిక్కులు జిల్లాలో ఇంకా ఉన్నారు గానీ వారి దగ్గర ఈ పని నేర్చుకునే పిల్లలు కనిపించడం లేదు. ఐటీఐలలో మోటారు మెకానిక్ తరగతులకు వారిని అప్పుడప్పుడు పిలిచి, పాత డిస్ట్రిబ్యూటర్ ఒకటి బల్ల మీద పెట్టి వెయిట్లు, స్ప్రింగులు, బుష్షు చూపించే ఏర్పాటు చేయవలసిందిగా అధికారులను కోరుతున్నాను. మీ పత్రికవారు మళ్లీ ఈ విషయం మీద రాసినప్పుడు కిట్టు బొమ్మతో పాటు, విప్పిన డిస్ట్రిబ్యూటర్ బొమ్మను కూడా భాగాల పేర్లతో సహా అచ్చు వేయవలసిందిగా మనవి.

ఇట్లు,
పాత అంబాసిడర్ యజమాని,
కడప